ఒక్క వయల్‌కే డబ్బు ఉంటే: కేంద్రక రంధ్రాలకు ఏ యాంటీబాడీ తీసుకోవాలి?

"అక్కా, డబ్బులు ఒక్క వయల్‌కే ఉన్నాయి. ఏది తెప్పించమంటారు?"

ఏటా డిసెంబరు దాటగానే ఈ మాట వింటాను. ఒడిశాలోని బ్రహ్మపురంలో మా ల్యాబుకు ప్రాజెక్టు చేయడానికి వచ్చే ఎమ్మెస్సీ పిల్లల్లో సగం మంది మనవాళ్ళే. ఇచ్ఛాపురం నుంచి పొద్దుటి రైలుకు వచ్చేవాళ్ళు కొందరు, పర్లాకిమిడి నుంచో గుణుపురం నుంచో వచ్చి ఇక్కడే గది తీసుకుని ఉండేవాళ్ళు కొందరు. పాఠం ఇంగ్లీషులో, ల్యాబులో మాట ఒడియాలో, సందేహం మాత్రం తెలుగులో. అందుకే జవాబు కూడా తెలుగులోనే రాస్తున్నాను. కేంద్రక రంధ్రాలను, మనం రోజూ అనే మాటలో న్యూక్లియర్ పోర్లను, మైక్రోస్కోపు కింద వెలిగించి చూడాలంటే మార్కెట్లో చాలా యాంటీబాడీలున్నాయి, అంటే ఫలానా ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే ప్రోటీన్లు, వయల్ అనే చిన్న సీసాల్లో అమ్ముతారు. ఏది ఏ పనికి పనికొస్తుందో, ఏది ఎక్కడ దారి తప్పిస్తుందో తెలిస్తే ఆ ఒక్క వయల్ వృథా పోదు.

ముందు కొలతలు తెలియాలి, లేకపోతే ఏ యాంటీబాడీ కొన్నా నిరాశే మిగులుతుంది. కేంద్రకం చుట్టూ ఉన్న రెండు పొరలు అక్కడక్కడ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఏర్పడే గుండ్రటి దారులే ఈ రంధ్రాలు. 1950లో కాలన్, టామ్లిన్ అనే ఇద్దరు ఉభయచరాల అండకణాల్లోని కేంద్రక త్వచాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూసి వీటిని మొదట వర్ణించారు. రంధ్రం అన్నాం కదా అని ఖాళీ కన్నం అనుకోకండి. నప్‌లు అని పిలిచే దాదాపు 30 రకాల ప్రోటీన్లు, ఒక్కో రకం ఎనిమిది గుణిజాల్లో, మొత్తం సుమారు వెయ్యి ముక్కలు చేరి కట్టిన కట్టడం అది. మనిషి కణంలో దాని వెడల్పు సుమారు 120 నానోమీటర్లు. మామూలు కన్‌ఫోకల్ మైక్రోస్కోపు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు చుక్కలను విడదీసి చూపించలేదు. కాబట్టి కన్‌ఫోకల్‌లో ఉంగరాల్లాంటి రంధ్రాలు కనబడాలని ఎదురుచూడొద్దు. చుక్కలు కనబడతాయి, అంతే. ఒక్కో చుక్క ఒక రంధ్రం కావచ్చు, పక్కపక్కనే ఉన్న రెండు మూడు కావచ్చు. చుక్కలు లెక్కపెట్టి "ఈ కణంలో ఇన్ని రంధ్రాలు" అని రాసిన రిపోర్టులు నా చేతికి వచ్చాయి. ఆ అంకె అసలు సంఖ్య కన్నా ఎప్పుడూ తక్కువే ఉంటుంది. రెండు రకాల కణాలను ఒకే సెట్టింగులో తీసి ఒకదానితో ఒకటి పోల్చడానికైతే పనికొస్తుంది.

ఇంకో సంగతి. మా వీధిలో మగ్గం మీద నుంచి దిగిన పట్టుచీరను తెలిసినవాళ్ళు కొనేటప్పుడు ముందు తిరగేసి వెనక వైపు చూస్తారు. రంధ్రానికీ అలాగే రెండు వైపులున్నాయి, రెండూ ఒకేలా ఉండవు. సైటోప్లాజం వైపు పోగుల్లా బయటికి చాచుకుని ఉండేది నప్ 358, దాని దగ్గరే నప్ 214. కేంద్రకం లోపలి వైపు బుట్ట ఆకారంలో ఉండేవి టీపీఆర్, నప్ 153, నప్ 50. మధ్య దారిలో నప్ 62 లాంటివి. రెండు వైపులా చట్రంలా నిలబడేది వై ఆకారపు గుంపు, అంటే నప్ 107, నప్ 133, నప్ 96, నప్ 85, వాటి తోటివి. పొరలోనే పాతుకుని ఉండేవి పామ్ 121, జీపీ 210. మీ యాంటీబాడీ వీటిలో దేన్ని పట్టుకుంటుందో తెలియకుండా బొమ్మకు అర్థం చెప్పలేం.

414: అందరూ వాడేది, ఎందుకు వాడతారో తెలిసి వాడాల్సింది

మాబ్ 414ను 1986లో లారా డేవిస్, గుంటర్ బ్లోబెల్ ప్రచురించారు. ఎలుక (మౌస్) నుంచి వచ్చిన మోనోక్లోనల్, అంటే ఒకే వంశపు కణాలు తయారుచేసే యాంటీబాడీ; ఐజీజీ అనే తరగతిలో 1 రకం. నప్‌లలో కొన్నింటికి ఫినైలలనిన్, గ్లైసిన్ జంటలు మళ్ళీ మళ్ళీ వచ్చే పొడవాటి భాగాలుంటాయి, ఎఫ్‌జీ రిపీట్లు అంటాం. 414 పట్టుకునేది వాటినే. అందువల్ల అది ఒక్క ప్రోటీన్‌తో ఆగదు. మనిషి కణాల సారంతో వెస్టర్న్ బ్లాట్ (ప్రోటీన్లను జెల్‌లో బరువును బట్టి విడదీసి, మెంబ్రేన్ మీదికి ఎక్కించి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) చేస్తే నాలుగు గీతలు నిచ్చెన మెట్లలా కనబడతాయి: నప్ 358, నప్ 214, నప్ 153, నప్ 62. పేరులోని అంకే దాదాపు దాని బరువు, కిలోడాల్టన్లలో. పై రెండూ జెల్ నుంచి మెంబ్రేన్ మీదికి తొందరగా రావు, రాత్రంతా చల్లటి గదిలో వెట్ ట్రాన్స్‌ఫర్ పెట్టాలి. అది చేయకుండా "పై గీతలు రాలేదు, యాంటీబాడీ పాడైంది" అనడం తప్పు.

ఈ గుణమే దాని బలం. ఒక్కో రంధ్రంలో పట్టుకోవడానికి చోట్లు బోలెడు ఉంటాయి కాబట్టి సిగ్నల్ గట్టిగా వస్తుంది. ఎఫ్‌జీ రిపీట్లు పరిణామంలో పెద్దగా మారలేదు కాబట్టి మనిషి, ఎలుక, కప్ప, ఈగ, ఈస్ట్ వరకు పనిచేస్తుంది. కణాన్ని పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేసినా (ఉన్నదున్నట్టు నిలిపేసినా), చల్లటి మిథనాల్‌తో చేసినా బొమ్మ వస్తుంది. కొత్తగా చేయి పెట్టేవాళ్ళకు ఇంతకన్నా ఓపికగల యాంటీబాడీని నేను చూడలేదు.

బలహీనత కూడా అదే గుణం నుంచి వస్తుంది. 414 వెలుగు తగ్గిందంటే నప్ 62 తగ్గిందా, నప్ 153 తగ్గిందా, రంధ్రాలే తగ్గాయా అని చెప్పలేం. నిరుడు ఒక అబ్బాయి నప్ 153ను ఎస్ఐఆర్‌ఎన్ఏతో (ఒక ప్రోటీన్ తయారీని అణిచే చిన్న ఆర్‌ఎన్ఏతో) తగ్గించి, తగ్గిందో లేదో చూడడానికి 414 వేశాడు. ఉంగరం ఎప్పటిలాగే వెలిగింది. నాక్‌డౌన్, అంటే ఆ తగ్గింపు, పనిచేయలేదనుకుని మూడు వారాలు ట్రాన్స్‌ఫెక్షన్ (ఆర్‌ఎన్ఏను కణాల్లోకి ఎక్కించే పని) మీద ఖర్చు పెట్టాడు. బ్లాట్‌లో చూస్తే మూడో మెట్టు ఎప్పుడో మాయమైంది! ఒక ప్రోటీన్ గురించి అడగదలచుకుంటే దాని యాంటీబాడీయే తీసుకోవాలి, 414 కాదు.

బొమ్మ సరైనదో కాదో తేల్చుకునే పద్ధతి ఒకటి చెబుతాను, ఏ యాంటీబాడీకైనా ఇదే. 63 లేదా 100 రెట్ల ఆయిల్ లెన్స్ పెట్టి ఫోకస్‌ను కణం నడుముకు తీసుకురండి. కేంద్రకం చుట్టూ సన్నటి ఉంగరం, కాస్త గరుకుగా, పూసలు గుచ్చినట్టు కనబడాలి. అక్కడి నుంచి కవర్‌స్లిప్ (కణాలు అంటుకుని ఉన్న పలుచటి గాజు ముక్క) వైపు మెల్లగా దించుతూ పోండి. ఉంగరం చిన్నదై చిన్నదై, కేంద్రకం అడుగు తగిలే చోట ఒక్కసారిగా ఆవాలు చల్లినట్టు చుక్కలు పరుచుకుంటాయి. నడుము దగ్గర ఉంగరం, అడుగున ఆవాలు, ఈ రెండూ ఉంటేనే అవి రంధ్రాలు. అడుగున చుక్కల్లేకుండా నున్నగా ఉంటే అది లామిన్‌నో (కేంద్రక త్వచానికి లోపలి వైపు అస్తరులా ఉండే ప్రోటీన్), ఎండోప్లాస్మిక్ రెటిక్యులాన్నో పట్టుకుంటూ ఉండవచ్చు.

సైటోప్లాజంలో కూడా కొన్ని చుక్కలు కనబడితే వెంటనే మురికి అని కొట్టేయొద్దు. ఆన్యులేట్ లామెల్లే అని ఎండోప్లాస్మిక్ రెటిక్యులం దొంతరలుంటాయి, వాటిలోనూ రంధ్రాలుంటాయి. అండకణాల్లో చాలా ఎక్కువ, ల్యాబుల్లో పెంచే హీలా అనే మనిషి కణాల్లో కూడా కొన్ని కనబడతాయి. ప్రోటీన్‌ను పట్టుకునే మొదటి యాంటీబాడీ ప్రైమరీ, దాన్ని పట్టుకుని వెలిగే రంగు యాంటీబాడీ సెకండరీ. ప్రైమరీ వేయని కంట్రోల్ స్లైడులో ఆ చుక్కలు లేకపోతే, సెకండరీ గడ్డలు కావని అర్థం. అప్పుడు వాటిని నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఒక్కో నప్‌కు ఒక్కో యాంటీబాడీ

ఇక్కడ ఎంపిక ప్రశ్నను బట్టి ఉంటుంది. నా ఇష్టం దాచుకోకుండా చెప్పాలంటే, లోపలి వైపుకు టీపీఆర్, బయటి వైపుకు నప్ 358, చట్రానికి నప్ 133 లేదా నప్ 107. ఈ మూడు ఎందుకంటే వాటి చోటు స్పష్టంగా ఉంటుంది. నప్ 153, నప్ 50, నప్ 98 రంధ్రంలో స్థిరంగా కూర్చోవు, వస్తూ పోతూ ఉంటాయి. నప్ 98 కేంద్రకం లోపల కూడా కనబడుతుంది. ఉంగరం మాత్రమే కావాలనుకున్నవాళ్ళు లోపలి పొగమంచు చూసి కంగారు పడతారు. వై గుంపు ప్రోటీన్లు దీనికి పూర్తిగా ఎదురు, ఒకసారి రంధ్రంలో చేరాక కదలవు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: కణం విభజన చెందేటప్పుడు రంధ్రాలు విడిపోతాయి, 414 వెలుగు కణమంతా పరుచుకుంటుంది, వై గుంపులో కొంత భాగం మాత్రం క్రోమోజోముల కైనెటోకోర్ల (క్రోమోజోమును లాగే పోగులు తగులుకునే చోట్ల) దగ్గరకు చేరుతుంది. నప్ 133 వేసిన స్లైడులో విభజన కణంలో జంట జంటగా చుక్కలు కనబడితే అది తప్పు కాదు, నిజం.

జీపీ 210 అన్ని రకాల కణాల్లో ఉండదు. మీ కణాల్లో ఉందని రూఢి చేసుకున్నాకే దానికి డబ్బు పెట్టండి. ఈ ప్రోటీన్‌కు ఇంకో పరిచయం ఉంది. ప్రైమరీ బిలియరీ కోలాంజైటిస్ అనే కాలేయ వ్యాధి ఉన్న కొందరి రక్తంలో జీపీ 210కి వ్యతిరేకంగా యాంటీబాడీలు వాటంతట అవే తయారవుతాయి. వైద్య కళాశాల ల్యాబుల్లో హెప్-2 అనే మనిషి కణాలున్న స్లైడు మీద రోగి సీరం వేసినప్పుడు కనబడే చుక్కల ఉంగరం అదే. మనం డబ్బిచ్చి కొనేదాన్ని అక్కడ ఒక రోగి శరీరమే తయారు చేసింది. ఆ స్లైడు చూసినప్పుడల్లా నాకు మనసు బరువెక్కుతుంది.

ఒంటి నప్ యాంటీబాడీల్లో కుందేలు పాలీక్లోనల్ (ఒకే ప్రోటీన్‌ను పలుచోట్ల పట్టుకునే యాంటీబాడీల మిశ్రమం) ఎక్కువ. చాలావాటిని మనిషి ప్రోటీన్ ముక్కతో చేస్తారు కాబట్టి చేప కణాల్లోనో కప్ప కణాల్లోనో పనిచేస్తాయని నమ్మకం లేదు. కుందేలు కావడంలో ఒక సౌకర్యం ఉంది: ఎలుక కణజాలం మీద పనిచేసేవాళ్ళకు ఎలుక యాంటీబాడీ అయిన 414 తలనొప్పే, ఎందుకంటే సెకండరీ ఆ కణజాలంలోని సొంత ఐజీజీని కూడా పట్టుకుంటుంది. అలాంటప్పుడు కుందేలుదే తీసుకోండి.

ఆర్ఎల్ 1, ఆర్ఎల్ 2 అనే యాంటీబాడీల గురించి, గోధుమ గింజలోని అంకురం నుంచి తీసే డబ్ల్యూజీఏ అనే ప్రోటీన్ గురించి ఎక్కువ చెప్పను. ఇవి చక్కెరను పట్టుకుంటాయి. నప్‌ల మీద ఓ-గ్లక్‌నాక్ అనే చక్కెర అంటుకుని ఉంటుంది కాబట్టి రంధ్రాలు వెలుగుతాయి. ఆ చక్కెర సైటోప్లాజంలోని వేరే ప్రోటీన్ల మీదా ఉంటుంది. డబ్ల్యూజీఏ అయితే కణపు పై పొరనూ, గాల్జీనీ కూడా వెలిగిస్తుంది. కణాలకు గ్లూకోజ్ తగ్గించే ప్రయోగంలో వీటిని వాడితే రంధ్రాలు మారకపోయినా వెలుగు మారిపోతుంది. రంగు కలిపిన డబ్ల్యూజీఏ చవక, ఒక్క గంటలో అయిపోతుంది, కాబట్టి మైక్రోస్కోపు సరిచూసుకోవడానికి నేను వాడతాను. ఫలితంగా రాయడానికి వాడను. ఆర్ఎల్ 1 కొనాలనుకునేవాళ్ళు అది ఐజీజీ కాదు, ఐజీఎం అనే వేరే తరగతి అని చూసుకోండి, మీ దగ్గరున్న ఐజీజీ సెకండరీ దాన్ని పట్టుకోకపోవచ్చు.

ట్రైటానా, డిజిటోనినా

యాంటీబాడీ ఎంపిక కన్నా ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ఐజీజీ బరువు 150 కిలోడాల్టన్లు. రంధ్రం గుండా వాటంతట అవే దూరిపోగలిగేవి సుమారు 40 కిలోడాల్టన్ల లోపువే. అంటే కేంద్రక త్వచం చెక్కుచెదరకుండా ఉంటే యాంటీబాడీ లోపలికి పోదు. ట్రైటాన్ ఎక్స్-100 అనే డిటర్జెంట్ అన్ని పొరలనూ తెరుస్తుంది. డిజిటోనిన్ అనే ఇంకో డిటర్జెంట్ కొలెస్టరాల్ ఎక్కువున్న కణపు పై పొరను మాత్రమే తెరిచి, కేంద్రక త్వచాన్ని వదిలేస్తుంది. ఈ తేడాతో చీర ఏ వైపు చూస్తున్నామో తేల్చుకోవచ్చు. ట్రైటాన్‌తో టీపీఆర్ వెలగాలి, డిజిటోనిన్‌తో వెలగకూడదు. నప్ 358 రెండింటితోనూ వెలగాలి. 414 కూడా రెండింటితోనూ వెలుగుతుంది, బయటి నుంచే అందే నప్‌లు దానికి ఉన్నాయి కనుక. పక్కనే లామిన్ వేసిన డిజిటోనిన్ స్లైడు ఒకటి తప్పకుండా పెట్టండి. అందులో లామిన్ వెలిగిందంటే త్వచం చిరిగింది, ఆ రోజు ఫలితాలన్నీ పక్కన పెట్టాలి.

మేం వాడేది మిల్లీలీటరుకు 40 మైక్రోగ్రాముల డిజిటోనిన్, మంచు మీద 5 నిమిషాలు, పారాఫార్మాల్డిహైడ్ ఫిక్సేషన్ తర్వాత. మిథనాల్‌తో ఫిక్స్ చేస్తే ఈ పరీక్షే లేదు, మిథనాల్ పొరలన్నిటినీ తెరిచేస్తుంది. స్టాకు సీసాలో డిజిటోనిన్ అడుగున పేరుకుపోతుంది, వాడేముందు వేడి చేసి పూర్తిగా కరిగించాలి. ఒకసారి మా దగ్గర టీపీఆర్ డిజిటోనిన్ స్లైడులో కూడా నిండుగా వెలిగింది. రెండు వారాలు డిజిటోనిన్ గాఢత మార్చి మార్చి చూశాం. చివరికి దొరికింది: ఎప్పటిలా కలిపి పెట్టుకున్న బ్లాకింగ్ బఫర్‌లో (యాంటీబాడీ కనబడ్డచోటల్లా అంటుకోకుండా ఆపే ద్రావణంలో) 0.1 శాతం ట్రైటాన్ ఉంది. డిజిటోనిన్ మూసి ఉంచిన తలుపును మా బఫరే తెరిచింది. ఈ పరీక్షలో బ్లాకింగ్, వాషింగ్, యాంటీబాడీ ద్రావణం, దేనిలోనూ డిటర్జెంట్ ఉండకూడదు.

ఉంగరాలే కావాలంటే

సూపర్ రిజల్యూషన్‌లో (మామూలు మైక్రోస్కోపు 200 నానోమీటర్ల హద్దును దాటి చూపే పద్ధతుల్లో) రంధ్రాన్ని ఉంగరంగా చూడాలనుకునేవాళ్ళకు 414 పనికిరాదు. అది పట్టుకునే చోట్లు మధ్యలోనూ రెండు వైపులా పరుచుకుని ఉంటాయి, ఉంగరం బదులు ముద్ద కనబడుతుంది. చట్రపు ప్రోటీన్ కావాలి. 2012లో కప్ప అండకణాల త్వచంలో జీపీ 210తో ఎనిమిది రేకుల ఆకారం చూపించారు. 2019 నుంచి నప్ 96కు ట్యాగు (గుర్తు పట్టడానికి అతికించే ప్రోటీన్ ముక్క) తగిలించిన మనిషి కణాలను కొలబద్దలా వాడుతున్నారు: ఒక్కో రంధ్రంలో 32 ప్రతులు, ఉంగరం వ్యాసం సుమారు 107 నానోమీటర్లు. ప్రైమరీ మీద సెకండరీ వేస్తే రంగు అసలు చోటు నుంచి పది నానోమీటర్లకు మించి పక్కకు జరుగుతుంది. 107 నానోమీటర్ల ఉంగరానికి అది చిన్న తేడా కాదు. అందుకే ఒంటె జాతి యాంటీబాడీల నుంచి తీసిన నానోబాడీలు, సుమారు 15 కిలోడాల్టన్లవి, ట్యాగుకు అతికిస్తారు. ఆ కణాలకు రాసిన ఫిక్సేషన్ కూడా వేరు: 2.4 శాతం ఫార్మాల్డిహైడ్‌లో 30 సెకన్లు, ట్రైటాన్‌లో 3 నిమిషాలు, మళ్ళీ 2.4 శాతంలో 30 నిమిషాలు.

మా ఊళ్ళో ఉండి ఈ పని చేయాలంటే స్లైడ్లు పట్టుకుని హైదరాబాదుకో భువనేశ్వరుకో వెళ్ళాలి. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా వెళ్ళే స్లైడ్లకు యాంటీబాడీ వేశాక ఇంకోసారి 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 10 నిమిషాలు ఉంచండి, అతుక్కున్నది ఊడకుండా ఉంటుంది. ఆరు నెలల ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు మాత్రం ఈ దారి నేను చెప్పను.

డబ్బు, వేడి

ధరను వయల్ మీద చూడకండి, కవర్‌స్లిప్ మీద చూడండి. 100 మైక్రోలీటర్ల వయల్ 1:1000 డైల్యూషన్‌లో పనిచేస్తే 100 మిల్లీలీటర్లవుతుంది. పారాఫిల్మ్ మీద 25 మైక్రోలీటర్ల చుక్క పెట్టి 12 మిల్లీమీటర్ల కవర్‌స్లిప్‌ను బోర్లిస్తే నాలుగు వేల కవర్‌స్లిప్‌లు వస్తాయి. 1:100లోనే పనిచేసే ఒంటి నప్ యాంటీబాడీ అయితే నాలుగు వందలే. 414 మా చేతిలో 1:1000కి బాగా పనిచేస్తోంది. మీరు మాత్రం 1:500, 1:1000, 1:2000 మూడూ వేసి చూడండి. అందుకే ఒక్క వయల్‌కే డబ్బున్నవాళ్ళకు నా జవాబు 414. కుందేలు లామిన్ యాంటీబాడీ పక్క ల్యాబులో అడిగితే పది మైక్రోలీటర్లు ఇస్తారు, ఎవరూ కాదనరు. తర్వాత ఇంకాస్త డబ్బు దొరికితే ఇంకో నప్ యాంటీబాడీ కొనే బదులు ఎలుక ఐజీజీ 1 ఐసోటైప్ కంట్రోల్ (414 రకమే అయినా కణంలో దేన్నీ ప్రత్యేకంగా పట్టుకోని యాంటీబాడీ) కొనండి. కంట్రోల్ లేని నాలుగు రంగుల బొమ్మ కన్నా కంట్రోల్ ఉన్న ఒక రంగు బొమ్మనే నేను నమ్ముతాను. ప్రాజెక్టు ప్రశ్నలోనే ఒక నప్ పేరు ఉన్నవాళ్ళకు ఈ సలహా వర్తించదు. వాళ్ళు ఆ నప్‌దే తీసుకుని, నాక్‌డౌన్ చేసిన కణాలతో దాన్ని పరీక్షించుకోవాలి.

మే నెలలో తెప్పించుకోవద్దు. ఒకసారి శనివారం మధ్యాహ్నం వచ్చిన పెట్టెను కొరియర్ అబ్బాయి గేటు దగ్గర వదిలి వెళ్ళాడు. సోమవారం తెరిస్తే జెల్ ప్యాకులు నీళ్ళయిపోయి, వయల్ మీది కాగితం తడిసి ఊడింది. పారేయబోతే మా సార్ ఆపారు. ఐజీజీ అంత సుకుమారం కాదు. పాత బ్యాచ్‌తో పక్కపక్కనే మూడు డైల్యూషన్లు వేసి పోల్చాం, తేడా లేదు. రంగు కలిపినవి, ఐజీఎంలు అయితే నేను అంత ధైర్యం చేయను. వచ్చిన రోజే 10 మైక్రోలీటర్ల అలిక్వాట్లు, అంటే చిన్న చిన్న వాటాలు, చేసి ఫ్రీజర్‌లో పెట్టండి, ఒకటి మాత్రం 4 డిగ్రీల దగ్గర ఉంచుకుని వాడండి. కరిగించినదాన్ని మళ్ళీ గడ్డకట్టించొద్దు. అక్టోబరులో తుఫాను హెచ్చరిక వస్తే, 2013లో ఫైలిన్ తీరం దాటింది మన పక్కనున్న గోపాల్‌పూర్ దగ్గరే కదా, కరెంటు రోజుల తరబడి పోవచ్చు. అలిక్వాట్లలో సగం వేరే భవనంలోని ఫ్రీజర్‌కు మార్చండి. ట్యూబు మీద క్లోను పేరు (414 లాంటిది), బ్యాచ్ నంబరు, తేదీ పెన్సిలుతో రాసి పైన టేపు అంటించండి. తెలుగులో రాసినా పర్వాలేదు, మా ఫ్రీజర్‌లో మూడో అర అంతా అలాగే ఉంది.